ఎండాకాలంలో ఆవు చూడి నిలవాలంటే ఏం చేయాలి?

"చలికాలంలో ఒక్క సూదికే (కృత్రిమ గర్భధారణకే) చూడి కట్టిన ఆవు, ఎండలు ముదిరాక మూడుసార్లు వేయించినా నిలవడం లేదు. దీనికి మందేమైనా ఉందా?" వేసవి మొదలైందంటే పాడి రైతులు ఎక్కువగా అడిగేది ఇదే. ముందుగా ఒక మాట చెప్పాలి. మందు వెతికే ముందు ఆవు ఒంటి వేడి ఎంతుందో చూడండి. అది తగ్గకుండా ఎంత మంచి వీర్యం వేయించినా, ఎన్ని హార్మోన్ సూదులు పొడిపించినా డబ్బు పోతుంది తప్ప చూడి నిలవదు.

ఆవు మామూలు ఒంటి వేడి 38.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఫారన్‌హీట్‌లో అయితే 101.3. ఇది 39 దాటి గంటల తరబడి అలాగే ఉంటే మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి, అండాశయంలో పెరుగుతున్న అండం నాణ్యత తగ్గుతుంది. రెండు, ఎద లక్షణాలు మందగిస్తాయి. మూడు, సూది వేయించాక ఏర్పడిన పిండం మొదటి రెండు మూడు రోజుల్లోనే చనిపోతుంది. పిండానికి అన్నిటికంటే గండం మొదటి రోజే. ఆ తర్వాత రోజురోజుకీ కాస్త వేడిని ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. ఈ మూడూ గుర్తుంటే కింద చెప్పే పనుల్లో ఏది ఎందుకో మీకే తెలుస్తుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- డిజిటల్ థర్మామీటర్, దానికి కట్టడానికి దారం
- షెడ్డులో వేలాడదీసే, ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమ కూడా చూపించే మీటరు
- సెకన్లు చూసుకోవడానికి ఫోను
- ఒక నోట్‌బుక్, పెన్ను (ఇది లేకుండా మిగతావన్నీ ఉన్నా లాభం లేదు)
- నీళ్లు చల్లే పైపు లేదా షవర్లు, వీలైతే ఫ్యాన్లు
- రాత్రి ఎద చూడటానికి టార్చి
- తోక మొదట్లో పూయడానికి రంగు సుద్ద లేదా రంగు

1. కారణం నిజంగా వేడేనా అని తేల్చుకోండి

వేసవిలో చూడి నిలవని ప్రతి ఆవుకూ కారణం ఎండే కాదు. అందుకే మొదటి రోజే మందలో ఐదారు ఆవులను ఎంచుకోండి. సాయంత్రం 3 నుంచి 5 గంటల మధ్య, మళ్లీ తెల్లవారుజామున, ఒంటి వేడి కొలవండి. థర్మామీటర్‌ను ఆసనంలో నాలుగు వేళ్ల లోతు పెట్టి, దాని కొన పక్క గోడకు ఆనేలా వంచి పట్టుకోండి. పేడ ముద్దలో గుచ్చుకుంటే అంకె తప్పు వస్తుంది. దారం కట్టి ఉంచితే థర్మామీటర్ లోపలికి జారిపోదు.

ఊపిరి కూడా లెక్కపెట్టండి. ఆవుకు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి, డొక్క ఎన్నిసార్లు లేస్తుందో 30 సెకన్లు చూసి రెండింతలు చేయండి. నిమిషానికి 60 దాటితే వేడి ఇబ్బంది పెడుతున్నట్టే. 80 దాటితే బాగా కష్టపడుతోంది. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, చొంగ కారుస్తూ రొప్పుతుంటే అది ప్రాణం మీదికి వచ్చిన స్థితి. వెంటనే నీడలోకి తెచ్చి, ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా చేసి పశువైద్యుణ్ని పిలవండి.

సాయంత్రం చాలా ఆవులకు 39 దాటి, తెల్లవారేసరికి తగ్గితే అది ఎండ వేడి. ఒక్క ఆవుకే తెల్లవారుజామున కూడా ఎక్కువ ఉండి మిగతావి మామూలుగా ఉంటే అది జ్వరం. దానికి వైద్యం వేరు. ఎవరికీ వేడి లేకపోతే మీ సమస్య ఎండ కాదు. మేత, ఖనిజాలు, గర్భాశయంలో చీము, సూది వేయించే సమయం, వీటిలో ఎక్కడో తప్పుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, తమకు చెమట పట్టేదాకా ఆవుకు ఇబ్బంది లేదనుకోవడం. వాతావరణంలో ఉష్ణోగ్రతను, తేమను కలిపి లెక్కగట్టే సూచిక ఒకటుంది, టీహెచ్ఐ అంటారు. అది 72 చేరితే పాలిచ్చే ఆవుకు కష్టం మొదలైనట్టని చాలాకాలంగా లెక్క. ఎక్కువ పాలిచ్చేవాటికి 68 నుంచే మొదలవుతుందని తర్వాత తేలింది. 25 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉంటే ఈ సూచిక 72 దగ్గరికి వస్తుంది. మనకు హాయిగా అనిపించే వాతావరణం అది! 30 డిగ్రీలు, 60 శాతం తేమ అయితే 80కి చేరుతుంది. పాలు తయారు చేసే పనిలో ఆవు ఒంట్లోనే బోలెడు వేడి పుడుతుంది కాబట్టి పాలు పెరిగే కొద్దీ దాని ఓపిక తగ్గుతుంది.

2. నీడ

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే లోపలికి ఎండ తక్కువ వస్తుంది. కప్పు ఎత్తు కనీసం మూడున్నర మీటర్లు ఉండాలి. కప్పు రేకులదైతే పైన తెల్ల సున్నం కొట్టండి, లేదా గడ్డి పరిచి గాలికి లేవకుండా కట్టండి. చెట్టు నీడ దొరికితే దానికి మించింది లేదు. పక్కల గోడలు కట్టి గాలి ఆపేసిన షెడ్డు మాత్రం ఎండకంటే చెడ్డది. ఆ గోడలు సగమైనా తీసేయండి.

3. నీళ్లు

వేడి రోజుల్లో బాగా పాలిచ్చే పెద్ద ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా తాగగలదు. రోజుకు రెండుసార్లు బకెట్టు చూపిస్తే అది సరిపోదు. తొట్టి ఎప్పుడూ నిండుగా, నీడలో ఉండాలి. పాలు పిండగానే ఆవు నేరుగా నీళ్ల దగ్గరికి వెళ్లగలగాలి. ఎండలో పరిచిన నల్ల పైపులోంచి మధ్యాహ్నం వచ్చే మొదటి నీళ్లు కాగినట్టుంటాయి. వాటిని వదిలేశాక తొట్టి నింపండి. మీ చెయ్యి పెట్టి చూడండి. ఆ నీళ్లు మీరు తాగరనిపిస్తే ఆవూ చాలినంత తాగదు.

4. తడి, ఆ వెంటనే గాలి

ఫలితం ఎక్కువగా తేలేది ఈ పని దగ్గరే. తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

ఆవును చల్లబరిచేది నీళ్లు కాదు, ఆ నీళ్లు ఆరడం. చర్మం దాకా తడిసిన ఆవుకు గాలి తగిలితే, ఆ తడి ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. తడిపి గాలి లేకుండా వదిలేస్తే సగం పనే అయింది. పొడి ఒంటి మీద ఫ్యాను ఒక్కటే పెట్టినా అంతే. పైగా బయటి గాలి ఆవు ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఆ ఫ్యాను వేడి గాలినే కొడుతుంది.

చేసే పద్ధతి ఇది. పెద్ద చుక్కలు పడే షవరుతో లేదా పైపుతో వీపు, భుజాలు, పక్కలు 30 సెకన్ల నుంచి నిమిషం పాటు తడపండి. వెంట్రుకలు దాటి చర్మం తడవాలి. అప్పుడు నీళ్లు ఆపి, నాలుగైదు నిమిషాలు ఫ్యాను గాలి తగలనివ్వండి. మళ్లీ తడపండి, మళ్లీ గాలి. ఇలా అరగంట నుంచి ముప్పావు గంట సాగితే ఒక విడత. వేడి రోజుల్లో నాలుగైదు విడతలు కావాలి. పాలు పిండే ముందు ఒకటి, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఒకటి, రాత్రి పడుకోబోయే ముందు ఒకటి. రాత్రి విడతను చాలామంది వదిలేస్తారు. రాత్రి చల్లబడని ఆవు మర్నాడు ఎండను మొదటి గంట నుంచే మోస్తుంది.

జాగ్రత్తలు కొన్ని:

నీళ్లు కారి పొదుగు దాకా రాకూడదు. తడి పొదుగుతో పాలు పిండితే పొదుగువాపు వస్తుంది. పక్కల నుంచి ధార కట్టి కారుతుంటే తడపడం ఎక్కువైనట్టు.

కింద బురద కాకూడదు. బురదలో పడుకున్న ఆవుకు గిట్టలు పాడవుతాయి, పొదుగుకు జబ్బులు వస్తాయి. నీళ్లు పారే వాలు ముందే చూసుకోండి.

మంచులా సన్నటి తుంపర చల్లే యంత్రాలు పొడి వాతావరణంలో గాలిని చల్లబరుస్తాయి. గాలిలో తేమ ఇప్పటికే ఎక్కువున్న చోట, అదీ మూసిన షెడ్డులో, వాటితో ఉక్కపోత పెరుగుతుంది. తుంపర వెంట్రుకల మీదే నిలిచిపోయి, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. తేమ ఎక్కువున్న రోజుల్లో పెద్ద చుక్కల తడి, బలమైన గాలి, అంతే.

కరెంటు లేకపోతే? గాలి వీచే దిక్కుకు తెరిచి ఉన్న నీడలో ఆవును నిలబెట్టి, ప్రతి పావుగంటకీ వీపు మీద నీళ్లు పోయండి. తడి గోనెపట్టా వీపు మీద కప్పి వదిలేయడం కంటే ఇదే మేలు, ఎందుకంటే ఆ పట్టా చర్మానికి గాలి తగలనివ్వదు. గోనెపట్టాలను గాలి వచ్చే వైపు తెరలా కట్టి తడపండి, అప్పుడు పనికొస్తాయి.

పని చేసిందా లేదా అని ఊహించకండి. విడతకు ముందు ఒంటి వేడి చూడండి, అయ్యాక అరగంటకు చూడండి. 39కి లోపు రావాలి, ఊపిరి 60కి తగ్గాలి. రాలేదంటే గాలి చాలలేదు, లేదా చర్మం దాకా తడి చేరలేదు. వీపు మీద వెంట్రుకలు విడదీసి వేలితో తాకితే తెలిసిపోతుంది.

5. మేత వేళలు మార్చండి

మేత అరుగుతున్నప్పుడు పొట్టలో వేడి పుడుతుంది. ఉదయం 9 గంటలకు కడుపు నిండా మేసిన ఆవుకు ఆ వేడి సరిగ్గా మధ్యాహ్నం ఎండతో కలుస్తుంది. అందుకే రోజు మేతలో మూడింట రెండు వంతులు సాయంత్రం నుంచి తెల్లవారుజాము మధ్యలో పెట్టండి. మంచి లేత పచ్చిమేత ముక్కలు చేసి వేస్తే తక్కువ తిన్నా బలం వస్తుంది.

వేసవిలో తినడం తగ్గింది కదా అని దాణా ఒక్కసారిగా పెంచేస్తారు. దాంతో పొట్టలో పులుపు పెరిగి, నెమరు ఆగి, ఉన్న తిండీ మానేస్తుంది. దాణాను మూడు నాలుగు భాగాలు చేసి పెట్టండి. బలం కోసం వంటనూనె కలపడం ఇంకో పొరపాటు. అది పొట్టలో పీచు అరిగించే సూక్ష్మజీవులను దెబ్బతీస్తుంది. కొవ్వు ఇవ్వాలనుకుంటే పొట్టలో కరగకుండా పేగులకు చేరే బైపాస్ ఫ్యాట్ ఇవ్వండి, అదీ పశువైద్యుడు చెప్పిన మోతాదులో. యూరియా కలిపిన దాణా ఎక్కువైతే చూడి నిలవడానికి అదే అడ్డవుతుంది.

చెమటతో ఆవు పొటాషియం, సోడియం పోగొట్టుకుంటుంది. ఉప్పు అందుబాటులో ఉంచండి. ఖనిజ లవణ మిశ్రమం రోజూ, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో ఇవ్వండి. అందులో రాగి, జింకు, సెలీనియం ఉన్నాయో లేదో చూసి కొనండి. ఎద రాబోయే వారం మాత్రమే ఇచ్చి ఊరుకుంటే ఫలితం ఉండదు. అండం పెరగడానికి వారాలు పడుతుంది.

6. ఎదను రాత్రి వెతకండి

"మా ఆవు ఎదకే రావడం లేదు" అనే మాటల్లో ఎక్కువ భాగం, ఎదకు వచ్చినా కనిపించకపోవడమే. చల్లటి రోజుల్లో 12 నుంచి 18 గంటలు కనిపించే ఎద, వేడిలో చాలా తగ్గిపోతుంది. పగలంతా ఆవు ఓపిక లేక నిలబడిపోతుంది. అరవదు, ఇంకోదాని మీద ఎక్కదు. మూగ ఎద అంటే ఇదే. కాస్త చల్లబడ్డాక, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 5 మధ్య లక్షణాలు బయటపడతాయి.

కాబట్టి రాత్రి 10 గంటలకు ఒకసారి, తెల్లవారకముందే ఒకసారి, ఒక్కోసారి కనీసం 20 నిమిషాలు టార్చి పట్టుకుని కూర్చోండి. మేత వేసే వేళ, పాలు పిండే వేళ చూస్తే ఎద దొరకదు. ఎప్పుడూ కట్టేసి ఉంచే ఆవులైతే, ఆ వేళల్లో జారని నేల మీద కొంతసేపు వదలండి. తోక మొదట్లో రంగు పూయండి. పొద్దున చూసేసరికి అది చెరిగిపోయి ఉంటే రాత్రి ఇంకో ఆవు దీని మీదికెక్కిందన్నమాట. ఒక్క ఆవే ఉన్న ఇంట్లో ఈ గుర్తులు పనికిరావు. అక్కడ మానం నుంచి జారే జిగట తీగలు, మానం ఉబ్బడం, పాలు కాస్త తగ్గడం, మేత మీద ధ్యాస లేకపోవడం చూడాలి. ఆవు పడుకున్న చోట నేల మీద కూడా తీగ పడి ఉందేమో చూడండి.

తీగ గాజులా తేటగా ఉండాలి. తెల్లగా, పసుపుగా, చీములా ఉంటే సూది వేయించకండి. ముందు వైద్యం చేయించండి.

ఎప్పుడైనా తోకకు, మానానికి రక్తపు చార కనిపిస్తే, ఎద ఒకటి నుంచి మూడు రోజుల కిందటే వెళ్లిపోయిందని అర్థం. అప్పుడు వేయించడం వృథా. అయితే ఆ తేదీ బంగారం. రాసుకుని, 17వ రోజు నుంచి రాత్రీ పగలూ కాపు కాయండి.

7. సూది వేయించే రోజు

పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున అనేది పాత లెక్క. వేడి రోజుల్లో అదే పాటించవచ్చు. ఎద ఎప్పుడు మొదలైందో తెలియకపోతే మాత్రం ఇంకో పూట ఆగకండి. చూసిన కొద్ది గంటల్లోనే వేయించండి.

ఆవును ఎండలో నడిపించి తీసుకెళ్లకండి. వేసేవారినే షెడ్డుకు పిలవండి. వారు వచ్చే ముందు ఒక విడత తడి, గాలి పూర్తి చేసి, మానం చుట్టూ తుడిచి ఆరనివ్వండి.

వీర్యపు గొట్టం విషయంలో మొహమాటపడకుండా పక్కన నిలబడి చూడండి. ద్రవ నత్రజనిలోంచి తీసిన గొట్టాన్ని 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషమైనా ఉంచి కరిగించాలి. జేబులో పెట్టి, అరచేతిలో నలిపి కరిగించేస్తే వీర్యకణాలు దెబ్బతింటాయి. నీళ్ల వేడి థర్మామీటర్‌తో కొలవమనండి. కరిగాక తడి తుడిచి, ఎండ తగలకుండా, పదిహేను నిమిషాలు దాటకుండా వేసేయాలి. ఎండలో ఉంచిన బండి పెట్టెలోంచి కాలిపోతున్న, వీర్యం వేసే గన్ను తీసి వాడినా అంతే నష్టం.

"సూదితో నిలవడం లేదు, ఆంబోతును దాటిస్తాం" అంటారు కొందరు. ఎండ దెబ్బ ఆంబోతుకూ తగులుతుంది. వీర్యకణం తయారవడానికి సుమారు రెండు నెలలు పడుతుంది కాబట్టి, ఎండలు తగ్గాక కూడా కొన్ని వారాల పాటు దాని వీర్యం బలహీనంగానే ఉంటుంది. చల్లటి కాలంలో సేకరించి నిల్వ చేసిన వీర్యమే వేసవిలో నమ్మదగినది.

8. వేయించాక ఏడు రోజులు

ఈ వారం ఆ ఆవుకు మందలో అన్నిటికంటే మంచి చోటు ఇవ్వండి. ఫ్యానుకు దగ్గర, నీళ్లకు దగ్గర. అన్ని ఆవులనూ చల్లబరిచే వసతి లేకపోతే ఎద వచ్చిన రోజు నుంచి ఈ వారానికే మీ శక్తంతా పెట్టండి. రోజూ సాయంత్రం ఒంటి వేడి రాసుకోండి. కొత్త చోటికి మార్చడం, బండి ఎక్కించడం, ఒకేసారి మేత మార్చడం ఈ వారంలో వద్దు.

అయితే ఈ ఒక్క వారం చల్లదనంతో అంతా సర్దుకుంటుందని నేను చెప్పను. అండం అంతకు ముందే నెల పైగా వేడిలో పెరిగి ఉంటుంది. వేసవి మొదటి నుంచీ చల్లబరిచిన ఆవుకూ, ఎద రోజున మాత్రమే చల్లబరిచిన ఆవుకూ తేడా తప్పక ఉంటుంది.

9. హార్మోన్ సూదుల సంగతి

మూగ ఎద వల్ల తేదీలే దొరకని మందల్లో, ఎదతో పని లేకుండా నిర్ణీత సమయానికి వేయించే పద్ధతి ఉంది. మొదటి రోజు జీఎన్ఆర్‌హెచ్ (అండం విడుదల చేయించే హార్మోన్), ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్ (ఎద రప్పించే హార్మోన్), ఆ తర్వాత సుమారు 56 గంటలకు మళ్లీ జీఎన్ఆర్‌హెచ్, అది ఇచ్చిన 16 గంటలకు వీర్యం. దీనివల్ల ఎద తప్పిపోయే బాధ తీరుతుంది. పిండం వేడికి చనిపోవడం మాత్రం ఆగదు, దానికి పై పనులే చేయాలి.

ఇది పశువైద్యుడు చేయాల్సిన పని. చూడి పరీక్ష చేయించకుండా ప్రోస్టాగ్లాండిన్ వేస్తే, చూడితో ఉన్న ఆవు ఈసుకుపోతుంది. ఆ మందు చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది. గర్భిణులు, ఆస్తమా ఉన్నవారు దాన్ని తాకనే కూడదు.

పెద్ద డెయిరీలకు ఇంకో దారి ఉంది. ఏడు రోజుల పిండాన్ని తెచ్చి ఆవులో పెట్టడం. పిండానికి గండమున్న మొదటి రోజులు అప్పటికే దాటిపోతాయి కాబట్టి వేసవిలో ఇది బాగానే పనిచేస్తుంది. ఖర్చు, నైపుణ్యం రెండూ కావాలి.

రెండూ అందని చోట వరుస మార్చుకోండి. పాలు ఇవ్వని పడ్డలకు ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది, వేసవిలోనూ అవి బాగానే నిలుస్తాయి. ఎండలు ముదిరిన వారాల్లో ముందు వాటికి వేయించండి. ఈని 60 రోజులు కాని, బక్కచిక్కిన, ఎక్కువ పాలిచ్చే ఆవును ఆ వారాల్లో తొందరపెట్టకండి.

10. ఫలితం ఎలా చూసుకోవాలి

వేయించిన 18 నుంచి 24 రోజుల మధ్య రాత్రి కాపు మళ్లీ మొదలు. ఎద రాలేదని చూడి నిలిచినట్టు అనుకోకండి. అది మూగ ఎద కావచ్చు. స్కానింగ్ ఉంటే 30 రోజులకు, చేత్తో అయితే 45 నుంచి 60 రోజులకు పరీక్ష చేయించండి. అప్పుడు చూడి ఉందని తేలినా 90 రోజులకు మరోసారి చేయించండి. వేడి రోజుల్లో నిలిచిన పిండాలు మధ్యలో పోవడం ఎక్కువ.

నోట్‌బుక్‌లో ఒక్కో ఆవుకు ఒక పేజీ ఇవ్వండి. ఎద తేదీ, గంట, తీగ ఎలా ఉంది, సూది వేసిన గంట, ఆ సాయంత్రం ఒంటి వేడి, పరీక్ష ఫలితం. నెలాఖరుకు చూడి నిలిచిన వాటిని, వేయించిన మొత్తం సూదులతో భాగించండి. పది సూదులకు మూడు నిలిస్తే 30 శాతం. ఈ అంకెను మీ మందలోనే చల్లటి నెలల అంకెతో పోల్చుకోండి. పక్కవారి మందతో పోలిస్తే ఏమీ తెలియదు.

రెండు వారాలు చల్లబరిచి "ఏం తేడా లేదు" అని ఫ్యాన్లు ఆపేసినవారు చాలామంది ఉన్నారు. ఊపిరి, ఒంటి వేడి మొదటి రోజే తగ్గాలి. తిండి, పాలు కొద్ది రోజుల్లో తేరుకుంటాయి. చూడి శాతం మారడానికి మాత్రం నెలన్నర, రెండు నెలలు పడుతుంది.

అలాగే వట్టిపోయిన ఆవులను ఎండలో వదిలేయకండి. ఈనే ముందు ఆఖరి రెండు నెలలు చల్లగా ఉన్న ఆవు, ఈనాక ఎక్కువ పాలిస్తుంది, దూడ కూడా బలంగా పుడుతుంది.

ఎండలు తగ్గిన మొదటి నెల, నెలన్నరలో కూడా కొన్ని ఆవులు తిరిగి పొర్లుతూనే, అంటే చూడి నిలవక మళ్లీ మళ్లీ ఎదకొస్తూనే ఉంటాయి. ఆ రోజుల్లో విడుదలయ్యే అండాలు వేసవిలో పెరిగినవే కాబట్టి. సరిగ్గా అప్పుడే విసిగిపోయి మంచి ఆవును గొడ్డుమోతని అమ్మేస్తున్నారు. అమ్మే ముందు గర్భాశయం పరీక్ష చేయించండి. అందులో లోపం లేదంటే, చల్లబడ్డాక వచ్చే రెండో ఎదకో మూడో ఎదకో వేయించి, 60 రోజుల పరీక్ష అయ్యేదాకా దాన్ని ఇంట్లోనే ఉంచుకోండి.